కత్తి మీద నాలుగు వేళ్లు

నా చిన్నప్పుడు మా అక్క మీద పెంచుకున్నంత కుళ్లు నేను ఇంకెవరి మీదా పెంచుకోలేదు. అక్కంటే మా పెదనాన్న కూతురు, నాకంటే రెండేళ్లు పెద్ద. అది ముగ్గేసినా, జడేసినా అందరూ మెచ్చుకునేవాళ్లే. నాకు కడుపు మండిపోయేది.

ఎల్లారెడ్డిలో మా ఇంటి అటక మీద తాతయ్య వాళ్ల తాతనాటి కత్తి ఒకటుండేది. తుప్పు పట్టింది, పిడి ఊడిపోయింది. ఆ ఏడు దసరాకు దాన్ని ఆయుధపూజలో పెట్టాలని తాతయ్య పట్టుబట్టి, లింగంపేట నుంచి సాయబు తాతను పిలిపించాడు. ఆ చుట్టుపక్కల కొడవళ్లకు సాన పట్టాలంటే ఆయనే. మా అరుగు మీద కూర్చుని లక్క కరిగించి పిడి అతికించాడు. మెత్తని ఇటుక పొడి నూనెలో కలిపి, తుప్పు రుద్దమని గుడ్డ అక్క చేతికిచ్చాడు. అక్కది నిమ్మళమైన చెయ్యట. నాకేమో ఒర చివరనుండే ఇత్తడి పొన్ను ఇచ్చాడు. చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమాను. ఒక్కరు చూస్తే ఒట్టు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచారు. చింతపండుకు ఇత్తడి అంత మెరిస్తే కత్తి ఇంకెంత మెరవాలి, అక్క పని కంటే నా పనే గొప్పదనాలి అనుకున్నాను. చేతికున్న పులుపంతా కత్తికి పూసి లోపలికి పోయాను. తిని వచ్చేసరికి నా వేళ్లు పడ్డచోట నాలుగు నల్లటి చారలు.

తాతయ్య అక్క మీద విరుచుకుపడ్డాడు. అది వెక్కి వెక్కి ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమే అయింది. సాయబు తాత చారలను వాసన చూశాడు, తర్వాత నా చేతులు చూశాడు.

"పిల్లనేమనకు పటేలా. తప్పు నాదే, సూసుకోలే" అన్నాడు.

తాతయ్య లోపలికి పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గుడ్డ నా చేతిలో పెట్టాడు.

"నాకు గూడ ఇయ్యి తాతా అంటే నేను ఇయ్యకపోదునా బిడ్డా?"

తలెత్తకుండా పొద్దుగూకేదాకా రుద్దాను. చారలు పలచబడ్డాయి కానీ పోలేదు.

ఆ తర్వాత తాతయ్య ఆయన్ను మళ్లీ పిలవలేదు. సాయబుకు కళ్లు మసకబారాయని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడా కత్తి కామారెడ్డిలో అక్క ఇంట్లో ఉంది. నిరుడు దసరాకు అక్క మనవరాలు ఆ చారలేమిటని అడిగితే, సాయబు తాత పొరపాటు అని అక్క మొదలుపెట్టింది. "ఆయనది కాదక్కా, నాది" అన్నాను. అక్క నా మొహం చూసింది. తర్వాత ఆ నాలుగు చారల మీద తన వేళ్లు ఆనించింది.

ఈ వయసులోనూ అక్కను ఎవరైనా పొగిడితే కడుపులో ఎక్కడో మండుతుంది. కానీ ఏదైనా కావాలనిపిస్తే ఇప్పుడు నోరు తెరిచి అడుగుతాను. సాయబు తాత పోయి ఎన్నో ఏళ్లయింది. నన్ను మన్నించమని మాత్రం ఆయన్ను అడగలేకపోయాను.