మూడడుగుల కిటికీ, అడుగున్నర మొరం

ఆ రోజుల్ల మా లాల్‌దర్వాజ బస్తీల ఇల్లు కట్టాలంటే కాగితం, పెన్సిలు ఎవలకు గావాలె? మేస్త్రీ భాయ్ ఇసుకల పుల్లతోని నాలుగు గీతలు గీస్తే అదే ప్లాను. కానీ మా పాత పెంకుటిల్లు తీసి కొత్తది లేపినప్పుడు కిటికీల లెక్క మాత్రం నాది. చూసినోళ్లంతా "ఏ ఇంజనీరు పనయ్యా ఇది?" అని నోరు తెరిచేటోళ్లు. (తెరిచింది ఒక్కడే, మా బాపు. అదీ తిట్టనీకి.)

అప్పటికి నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సుల చేరి మూడు నెలలు. బాపుది పాల వ్యాపారం. "సరే, కిటికీలు నువ్వే చూస్కో. తప్పినవో, చదువు బందు, బర్లకాడ పేడ ఎత్తుడే," అన్నడు. నేను టేపు పట్టి, పుస్తకంల ఉన్నట్లే నేల నుంచి మూడడుగుల కాడ సున్నంతోని గుర్తు పెట్టిన. మేస్త్రీ భాయ్ బీడీ పక్కకు పెట్టి, "మియా, నీచే కా హిసాబ్ దేఖా నా?" అన్నడు. కింది లెక్క అంటే ఏందో నాకు తెల్వదు. తెల్వదంటే ఇజ్జత్ పోతది గద! "అంతా చూసిన భాయ్, ఫికర్ చెయ్యకు," అన్న.

గోడలు లేచినయి, కిటికీల చౌకట్లు నిలబడ్డయి. అప్పుడొచ్చింది మొరం బండి, గులకలు కలిసిన ఎర్రమట్టి నింపుకొని. ఇంటి లోపల అడుగున్నర మొరం నింపి, దాని మీద బండలు పరుస్తరని నాకు అప్పుడే తెలిసింది. నేను కొలిచిందేమో ఉత్త మట్టినేల నుంచి! ఒక్కో తట్ట పడుతుంటే నా కిటికీ ఒక్కో వేలు కిందికి దిగుతున్నది. "భాయ్, జర తక్కువ పొయ్యరాదు," అని గడ్డం పట్టుకుంటే, "బారిష్ కా పానీ తుమ్ పీతే?" అన్నడు, ఇంట్లకొచ్చే వాననీళ్లు నువ్వు తాగుతవా అన్నట్టు. మూడు రోజులు అన్నం సయించలే. కండ్లు మూస్తే బర్లే.

బాపు చూడనీకొచ్చిననాడు కిటికీ లోపల నిలబడ్డ ఆయన మోకాళ్లకాడ ఉన్నది. ఆయన ఇంకా ఏమనకముందే గల్లీల పోయేటోడొకడు బయటకెల్లి చౌకటి మీద మోచెయ్యి ఆనిచ్చి, "సేఠ్, పావుకిలో చక్కెర," అన్నడు. దుకాణం అనుకున్నడు పాపం. బాపు మొకం ఎర్రగైంది. "పలగ్గొట్టు మేస్త్రీ! వీడు రేపటిసంది బర్లకాడికి!"

కొత్తిల్లు చూపిద్దామని ఆనాడే బాపు వాళ్లమ్మను, మా అవ్వను, రిక్షాల తెచ్చినం. కాళ్లు పడిపోయి నాలుగేండ్లు, నేల మీద జరుగుడే. అట్లనే జరుక్కుంట పోయి కిటికీకాడ కూసొని గల్లీలకు తొంగిచూసింది. "పాతింట్ల కిటికీలకెల్లి ఆకాశమే కనవడేది. గిండ్లకెల్లి మనుషులు కనవడుతున్నర్రా! బోనాలకు అమ్మవారి ఘటం ఊరేగుడు గూడ ఈన్నే కూసొని చూస్త. గింత మంచిగ ఎవడు పెట్టిండు?"

"నేనే అవ్వా. నీ కోసమే కొలిచిన," అన్న. రెప్ప గూడ కొట్టలే. బాపు మేస్త్రీ చేతులకెల్లి పలుగు గుంజుకున్నడు. "గట్లనే ఉండనియ్యి మేస్త్రీ," అన్నడు.

యాభై ఏండ్లు ఆ మాటే అందరికీ చెప్పుకున్న, ఇంకింత ఉప్పూకారం దట్టించి. నిజం చెప్తున్న, కొలిచేటప్పుడు అవ్వ నా మతిలనే లేదు. మొన్న మా మనవడు ఆ ఇల్లే తీసి కొత్తది ప్లాను గీస్తూ, "తాతా, నువ్వు పండుకునే అర్రల కిటికీ మూడడుగులేనా?" అన్నడు. ఇప్పుడు నా మోకాళ్లు గూడ అవ్వ మోకాళ్లే. మెల్లగ నేల మీద కూలబడి, నా రొమ్ముకాడ చెయ్యి పెట్టి చూపిన.

"ఈడికి కొలువు బేటా. కానీ ఇప్పుడే గాదు, మొరం పోసినాక."