లేఖనాల్లో లేని పండు

నాంపల్లికి, ఆబిడ్స్‌కి జనం సినిమాకో, బట్టలకో, రైలెక్కడానికో వెళ్తారు. నేను దేవుణ్ణి వెతకడానికి వెళ్ళాను. నా అంతట నేను వెళ్ళలేదు, పంపించారు. నాకు సుగుణతో పెళ్లి కుదిరింది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పూర్తి సభ్యుడిగా చేర్చుకునే ముందు పాస్టరయ్యగారు ప్రశ్నలు అడుగుతారు. వాటిలో గట్టెక్కినవాడి పెళ్లి ప్రకటనే ఆదివారం గుడిలో చదువుతారు. ఏడో తరగతితో బడి మానేసి, ఆ తర్వాత సైకిలు షాపు, ప్రింటింగ్ ప్రెస్సు, టైలరు దుకాణం అన్నీ మానేసిన నేను అప్పటికి రెండుసార్లు తప్పాను. సుగుణ నాన్న దానియేలు మామ దవాఖానలో కాంపౌండరు. మందు చుక్కలు లెక్కపెట్టినట్టే మనుషుల తప్పులూ లెక్కపెడతాడు. "గీ ఆదివారం ప్రకటన చదవకపోతే మెదక్ టీచరు సంబంధం ఖాయం చేస్త" అని నా మొహం మీదే చెప్పేశాడు.

మూడోసారి శుక్రవారం వెళ్ళాను. "లేఖనం చదవని మనిషికి దేవుడు తన గురించి ఎట్ల తెలియజేసిండు?" అని అయ్యగారు అడిగారు. "తన సృష్టి ద్వారా అయ్యగారూ" అని టక్కున చెప్పాను. ఆయన సంతోషించి, "ఏదీ, ఒకటి చెప్పు" అన్నారు. "సముద్రం" అన్నాను. "చూసినవా?" "క్యాలెండర్ మీద చూసిన." అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "గట్లయితే నీకు క్యాలెండర్ అచ్చేసినోని గురించి తెలిసింది, ప్రకాశం. రేపు పొద్దున బయటికి పో. సాయంత్రం అయిదింటికి నా ఇంటికి రా. నీ కండ్లతోటి చూసింది ఒక్కటి చెప్పు, చాలు." పక్కనే ఉన్న దానియేలు మామ వెంటనే, "వీడు సినిమాకు పొయ్యొచ్చి కత చెప్తడు అయ్యగారూ. నేను సాక్షిగ పోత. లేఖనంల ఉన్నయి మాత్రం చెల్లవు. గవి చదివి చెప్పొచ్చు గదా" అన్నాడు. అయ్యగారు నవ్వి, సరేనన్నారు.

దసరా సెలవులైన తర్వాతి శనివారం అది. పొద్దున ఎనిమిదింటికి ఖైరతాబాద్‌లో బస్సెక్కాం. నాంపల్లికి టికెట్ ఒక అణా. రెండంతస్తుల బస్సు దొరికితే పైకెక్కండి, లక్డీకాపూల్ దాటేటప్పుడు చెట్ల కొమ్మలు కిటికీలకు తగులుతాయి. నేను ఉత్సాహంగా, "మామా, గీ చెట్లు చూడుండ్రి" అన్నాను. "చెట్లు మొదటి పేజీలనే ఉన్నయి" అన్నాడు మామ. ఆ పేజీలోనే ఆకాశం, నీళ్ళు, చేపలు, పక్షులు, పశువులు కూడా ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. దేవుడు అన్నీ ముందే రాయించేశాడు, నాకేమీ మిగల్చలేదు.

బాగే ఆమ్ గేటు దగ్గర దిగాం. తోట తిరగడానికి పైసా అక్కర్లేదు. టౌన్‌హాల్లో ఇప్పుడు అసెంబ్లీ కూర్చుంటుంది కాబట్టి అటువైపు పోలీసులుంటారు. వాళ్ళను దాటుకుని లోపలికి పోతే జంతువుల బోన్లు వస్తాయి. తొమ్మిదింటికి పులి ముందు నిలబడ్డాం. పులి మాకు వీపు తిప్పి పడుకుంది. పావుగంట చూశాం. తోక ఒకసారి కదిలింది.

"దేవుడు గిట్ల ముడ్డి చూపిచ్చి తెలియజేసుకుంటడా పిలగా?" అన్నాడు మామ.

"పెద్ద ప్రవక్తకే వెనక నుంచి కనవడ్డడంట గదా మామా."

మామ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. వెంటనే సర్దుకుని, "గది లేఖనంల ఉంది. చెల్లదు" అన్నాడు.

అక్కడి నుంచి నెమలి దగ్గరికి వెళ్ళాం. నెమలి కూడా లేఖనాల్లో ఉందని మామ అన్నాడు కానీ, పురి విప్పడం గురించి ఎక్కడా లేదని నేను వాదించాను. ఆయన కాసేపు ఆలోచించి, పురి విప్పితే చూద్దామన్నాడు. అరగంట నిలబడ్డాం. నెమలి గింజలు ఏరుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. దాని వెనక పొడుగు ఈకలు కనిపించలేదు. లోపల మడిచి పెట్టుకుందేమో అనుకున్నాను. నీళ్ళ డబ్బాతో అటు వచ్చిన తోటమాలి మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏం చూస్తున్నరు సాబ్?"

"పురి విప్పుతదని."

"ఏం పెట్టి విప్పాలె? ఈకలు మొన్ననే రాలిపోయినయి. మల్ల వానలు మొదలైనప్పుడు రాండ్రి."

"అప్పటికి మెదక్ టీచరుకు పిల్లలు గూడ పుడ్తరు" అన్నాడు మామ. తోటమాలికి ఏమీ అర్థం కాకపోయినా ముబారక్ అన్నాడు.

పన్నెండింటికి ఎండ మాడుతుండగా నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్, రెండు సమోసాలు చెప్పాను. మామ చాయ్ మాత్రం తాగాడు. "సాక్షి కడుపు నిండితే పండుకుంటడు. అయిదింటి దాంక నాకేమొద్దు" అన్నాడు. పొద్దున కూడా ఆయన ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. పైన దూలం మీద పిచ్చుకలు గొడవ చేస్తున్నాయి. నేను తలెత్తగానే, "పిచ్చుకలు చెల్లవు" అన్నాడు. బల్ల మీద నా సమోసా ముక్కను చీమలు వరసగా లాక్కుపోతున్నాయి. నేను తల దించగానే, "చీమలు అసలే చెల్లవు" అన్నాడు. బల్ల తుడవడానికొచ్చిన సర్వర్, "చీమలకు మేం బిల్లెయ్యం సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

మధ్యాహ్నమంతా స్టేషన్ చుట్టూ తిరిగాం. టాంగా గుర్రం, తుమ్మచెట్టు మీద కాకి, మేకపిల్ల, గోడ పగుల్లో మొలిచిన పువ్వు, ఒక్కొక్కటే చూపిస్తూ పోయాను. మామ ఒక్కొక్కదానికీ ఎక్కడ రాసుందో చెబుతూ కొట్టేస్తూ పోయాడు. ఆయన చదువు మీద నాకు గౌరవం పెరిగింది, ఆయన మీద తగ్గింది. మూడున్నరకి నాకు సుగుణ మొహం గుర్తొచ్చింది. మోజంజాహీ మార్కెట్‌కి పోదామని ఒక రిక్షా అతన్ని పిలిస్తే, "గింత దూరానికి రిక్షా ఎందుకన్నా? పది నిమిషాలు నడువుండ్రి" అని అతనే వద్దన్నాడు. నిజమే, స్టేషన్ నుంచి మార్కెట్ పది నిమిషాలు, అక్కడి నుంచి ఆబిడ్స్ ఇంకో పది.

మార్కెట్లో ద్రాక్ష, అంజూర, దానిమ్మ గుట్టలుగా ఉన్నాయి. మామ నోరు తెరవకముందే నేనే, "తెలుసు మామా, చెల్లవు" అన్నాను. ఓ చివర ఒక అవ్వ గంప ముందు కూర్చుని ఉంది. గంపలో ఆకుల మీద సీతాఫలాలు. నేను ఆగిపోయాను.

"మామా, సీతాఫలం లేఖనంల ఉందా?"

మామ కళ్ళు మూసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెళ్ళొచ్చాడు. "లేదు" అన్నాడు నెమ్మదిగా, ఓడిపోయినట్టు. మళ్ళీ, "పేరు జూడు, మనోళ్ళ పేరేనా గది?" అన్నాడు.

అవ్వ విసుక్కుంది. "పేరు తింటవా, పండు తింటవా బిడ్డా? తీసుకుంటె తీసుకో, లేకపోతె జర జరుగు, గిరాకీకి అడ్డమున్నవ్."

"ఎవలి తోటలయి అవ్వా?" అని అడిగాను.

"తోట ఏడిది? గుట్టలల్ల కాస్తయి. ఎవ్వరు పెట్టలే, ఎవ్వరు నీళ్ళు పొయ్యలే. మేకలు గూడ ఆకు ముట్టయి. పెట్టినోడు పైన ఉన్నడు, ఏరేదాన్ని నేను కింద ఉన్న."

ఆమె ఒక పండు ఎత్తి చూపించింది. తొక్క మీది కళ్ళ మధ్య సందులు తెల్లగా విచ్చుకుంటే పండినట్టట. మూసుకుని ఉంటే గడ్డిలో పెట్టి రెండు రోజులు ఆగాలి. నాకు రెండు రోజులు లేవు. బాగా విచ్చుకున్న పెద్ద పండు ఒకటి, రెండణాలకి తీసుకున్నాను. అవ్వ దాన్ని నా రెండు చేతుల్లో పెట్టి, "పసిపిల్ల లెక్క పట్టుకపో" అంది. ఆబిడ్స్ వరకు అలాగే పట్టుకుని నడిచాను. బూట్ల దుకాణం ముందు జనం తోస్తే మామే చేతులు అడ్డం పెట్టి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని దారి చేశాడు.

గుడి వెనక అయ్యగారి ఇంటికి చేరేసరికి నాలుగున్నర. తలుపు వేసి ఉంది. మెట్ల మీద కూర్చున్నాం. పండును మా ఇద్దరి మధ్య రుమాలు మీద పెట్టి, ఏం చెప్పాలో ఆలోచిస్తూ నేను గేటు దాకా పచార్లు చేశాను. ఎవరూ పెట్టలేదు, నీళ్ళు పోయలేదు. సరే, దాని నుంచి దేవుడి గురించి ఏం తెలిసింది? ఆయన గుట్టల్లో ఉంటాడనా? మళ్ళీ వెనక్కి తిరిగి చూసేసరికి, పొద్దుటి నుంచి మంచినీళ్ళు, చాయ్ తప్ప ముట్టని దానియేలు మామ చేతిలో పండు రెండు చెక్కలై ఉంది. ఆపుదామని పరుగెత్తాను. అప్పటికే మొదటి ముద్ద నోట్లోకి పోయింది. మామ కళ్ళు మూతపడ్డాయి. మీసానికి తెల్లటి గుజ్జు అంటుకుంది.

"అబ్బ! దేవా, ఎంత మంచోనివయ్యా" అన్నాడు.

నాతో కాదు. నేనక్కడ ఉన్నట్టు కూడా ఆయనకు గుర్తు లేదు. గింజలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఊస్తూ రెండో చెక్క కూడా పూర్తి చేస్తుండగా తలుపు తెరుచుకుంది.

అయ్యగారు నన్ను చూశారు, మామను చూశారు, తొక్కలను చూశారు. "ఏం చూసినవ్ ప్రకాశం?"

"పండు తెచ్చిన అయ్యగారూ. సాక్షి తినేసిండు." మామ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఏమైతే అదైందని మిగతాది కూడా చెప్పేశాను. "పండు గురించి నాకేం తెల్వదు. కని పొద్దుగాల నుంచి మామ నేను చూపించినయన్ని కొట్టేసిండు. గిది నోట్లె పెట్టుకోంగనే, లేఖనంల ఉందా లేదా అని అడగలే. దేవా ఎంత మంచోనివి అన్నడు. మామతోటి ఎవ్వరు అనిపియ్యలే. గా పండే అనిపిచ్చింది. నేను చూసింది గదే."

అయ్యగారు మామ వైపు తిరిగారు. "అన్నవా దానియేలు?"

మామ అరచేతిలోని గింజల వంక చూసుకున్నాడు. కాదంటే మెదక్ సంబంధం. కానీ సాక్షిగా వచ్చినవాడు అబద్ధమాడలేడు, అదీ అయ్యగారి మెట్ల మీద.

"ఔ" అన్నాడు. "అన్న అయ్యగారూ. మల్ల గూడ అంట. గంత మంచిగుంది."

అయ్యగారు అంతలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. లోపలికి వెళ్ళి ప్రకటనల పుస్తకం తెచ్చి, మెట్ల మీదే నా పేరు, సుగుణ పేరు రాసుకున్నారు.

ఆ తర్వాత కూడా నేను ఏ పనిలోనూ కుదురుగా నిలవలేదు, అది వేరే సంగతి. కానీ అప్పటి నుంచి సృష్టిని చూసి దేవుణ్ణి తెలుసుకోవడమంటే పరీక్షకు జవాబు వెతకడం అని అనుకోవడం మానేశాను. ఆ రోజంతా నేను వెతికింది మామ ముందు నిలబడే రుజువు. గుట్టల మీద కాయించేవాడు రుజువు కోసం కాయించలేదు, ఆకలైన వాళ్ళు తింటారని కాయించాడు. తిన్నవాడి నోటి నుంచి థాంక్స్ దానంతటదే వస్తుంది. అక్షరం ముక్క రాని అవ్వకు ఆ సంగతి ముందే తెలుసు. మీరు వెళ్తే ఈ నెలలోనే వెళ్ళండి, పొద్దున బాగే ఆమ్, సాయంత్రం నాలుగింటికి మార్కెట్. సీతాఫలం సందులు తెల్లగా విచ్చుకున్నదే ఏరుకోండి. ఒకటి కొనకండి, రెండు కొనండి. ఆ పండు రుచి ఎలా ఉందో నేను ఆ రోజు చూడనే లేదు.