భయమేస్తోందా నాన్నా?

నేను నోరెక్కువ ఆడిదాన్ని. మా ఇంట్ల అందరికీ తెలుసు, నిజాంపేటల మా గల్లీకొచ్చే కూరగాయలాయనకు సుత తెలుసు. అయితే జోకర్ పనిల నాకు అన్నం పెట్టింది ఆ నోరే. విగ్గు పెట్టుకొని, ఎర్ర ముక్కు తగిలించుకొని, కీచుకీచుమనే బూట్లేసుకొని బర్త్‌డే ఫంక్షన్లకు పోతుంట. హాలు ఎంత పెద్దగున్నా మైకు ముట్టుకోను. నా గొంతు చాలు.

ఆటిజం ఉన్న పిల్లల దగ్గరికి ఇప్పుడు చానా పోతున్న గానీ, మొదటిసారి పోయింది నార్సింగిల ఒక పెద్ద అపార్టుమెంటుకు. ఫోన్ల మాట్లాడింది పిల్లగాని తల్లి. కోస్తా దిక్కు మనిషని వినంగనే తెలిసింది, మాటమాటకు అండి.

"మా బాబుకి ఆటిజం అండి. మాటలున్నాయి గానీ మనలా వాడడు. ప్రతి ఏడాదీ పుట్టినరోజుకి జనం రాగానే గదిలోకెళ్ళి బీరువా పక్కన దూరిపోతాడు. కేకు మేమే కోసి, ఓ ముక్క లోపలికి పట్టుకెళ్తాం. ఈసారి కేకు కోసేటప్పుడు వాడు హాల్లో ఉంటే చాలండి. నవ్వకపోయినా పర్లేదు. ఉంటే చాలు."

నేనేమనాలె? "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, నేనొస్తే బీరువా సుత లేచి హాల్లకొస్తది" అన్న. ఆమె నవ్వలే. సరే అండి అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు గేటు కాడనే నా మూడ్ ఖరాబైంది. సెక్యూరిటీ ఆయన ఓటీపీ అడిగిండు, ఫోన్ నంబరడిగిండు, ఆఖరుకు కెమెరా ముంగట నిలబడమన్నడు. "ఈ రంగు ముఖం ఫొటో తీసి ఏం చేస్తవన్నా? కడుక్కొని వస్తే నువ్వే గుర్తువట్టవు" అన్న. ఆయనకు నవ్వొచ్చింది గానీ ఫొటో మాత్రం తీసిండు. లిఫ్టుల ఒకాయన చెవుల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆఫీసు మీటింగుల ఉన్నడు. నన్ను చూసి చెప్పే మాట మర్చిపోయిండు. ఆ ఖుషీతోనే పైకి పోయిన.

ఇంట్ల ఒక్క బెలూన్ లేదు. పేలితే పిల్లలు ఆగమైతరని కట్టలేదంట. బాబుతోని థెరపీకొచ్చే పిల్లలు కొందరు, వాళ్ళ అమ్మానాన్నలు, అంతే. బాబు బాల్కనీ అద్దం కాడ నిలబడి ఔటర్ రింగు రోడ్డు మీద బండ్లను చూస్తున్నడు. ఏడేండ్లు ఉంటయి. నేను నా తీరుగ దూకుకుంట లోపలికి పోయి "హల్లో హల్లో హల్లో!" అని మొత్తుకున్న.

వాడు మర్లి చూసిండు. నా ముఖం దిక్కు కాదు, బూట్ల దిక్కు. తర్వాత సాఫ్‌గా, గంట కొట్టినట్టు అడిగిండు.

"భయమేస్తోందా నాన్నా?"

నాకెంత ఖుషీ అయిందో! మాటలు మనలా వాడడన్నరు గదా, మరి పిల్లగాడు నన్నే అడుగుతున్నడు. పైంగ నాన్నా అని పిలుస్తున్నడు. "నాకా? భయమా? పులొచ్చినా భయం లేదు!" అని ఎగిరి దూకిన. బూట్లు కీచుమన్నయి. వాడు మళ్ళ అదే అడిగిండు, జర తొందరగ. "భయమేస్తోందా నాన్నా? భయమేస్తోందా నాన్నా?" నేను దాన్ని పాట చేసిన. "లేదు లేదు లేదు!" అనుకుంట చుట్టూ తిరిగిన. ఒక పాప చెవులు మూసుకున్నది. బాబు ఉరికిండు. లోపల గదిల బీరువాకు దబ్బున తగిలిన సప్పుడైంది.

తల్లి నన్ను తిట్టలే. తిట్టినా మంచిగుండు.

"మీకు ముందే చెప్పాల్సిందండి" అన్నది మెల్లగ. "వాడు మిమ్మల్ని అడగలేదు. తన సంగతి చెప్పాడు. చిన్నప్పట్నుంచీ వాడు బెదిరినప్పుడల్లా మేం 'భయమేస్తోందా నాన్నా' అని అడిగేవాళ్ళం. వాడికి భయానికి అదే పేరు. దాహమేస్తే 'నీళ్ళు కావాలా నాన్నా' అంటాడు. మా ప్రశ్నలే వాడి మాటలండి."

మనమంతా ఒక దిక్కు నుంచి తొడుక్కునే అంగీని పిల్లగాడు లోపలిది బయటికి తిప్పి తొడుక్కున్నడు. గుండీలన్నీ సక్కగనే పెట్టుకున్నడు. ఎవరూ నేర్పలే. నాకు భయమైతుందని వాడు ఇంత నిమ్మలంగ చెప్తుంటే, లేదు లేదని నేను పాట పాడిన. ఛీ, నా నోరు పాడుగాను!

బూట్లు విడిచిన. విగ్గు తీసి సంచిల పెట్టిన. ముక్కు మాత్రం మర్చిపోయిన. గది తలుపు కాడ నేల మీద కూసున్న. నోరు మూసుకొని కూసునుడు నాకెంత కష్టమో నన్నెరిగినోళ్ళకే తెలుసు. హాల్ల కేకు మీద క్రీము కరుగుతున్నట్టుంది, తల్లి ఒకసారి ఏసీ పెంచింది. నా దిక్కు మాత్రం చూడలే. ఈ ఏడు సుత ముక్క లోపలికే పోతదేమో అని నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

బీరువా పక్కకెల్లి మళ్ళ వినొచ్చింది. "భయమేస్తోందా నాన్నా?"

"ఔను నాన్నా" అన్న. "భయమైంది. బూట్లు తీసేసిన, సూడు."

తర్వాత వాడు గోడకానుకొని మెల్లగ ఇవతలికి వచ్చిండు. నా పాదాలు చూసిండు. బూట్లు లేవు. నా ముక్కు చూసిండు.

"ముక్కు కావాలా నాన్నా?"

నా చెయ్యి దానంతట అదే ముక్కు మీదికి లేచింది. "కావాలె" అని ముక్కు తీసి వాని చేతుల పెట్టిన.

వాడు దాన్ని పిడికిట్ల నలిపి, పిడికిలి తెరిచి చూసిండు. మళ్ళ నలిపిండు, మళ్ళ చూసిండు. స్పాంజి ముక్కు అది, ఏండ్ల నుంచి నా ముఖం మీదున్నది. అది విచ్చుకునేటప్పుడు ముందుగాల ఒక అంచు లేస్తది, తర్వాత నడుమ ఉబ్బుతది, ఆఖరుకు రెండో అంచు ఊపిరి తీసుకున్నట్టు మెల్లగ లేస్తది. నాకు తెల్వనే తెల్వదు. వాడు చూస్తుంటే నేను సుత చూసిన. ఎన్ని సార్లు చూసినమో. నా దగ్గరున్న వస్తువును నాకే చూపిస్తున్నడు పిల్లగాడు, ఒక్క మాట లేకుండ.

ఇగ వాడే లేచిండు. ఎవరూ పిలవలే. ముక్కు నలుపుకుంట హాల్లకు నడిచిండు, కేకు కాడికి పోయి నిలబడ్డడు. నేను గోడకు అతుక్కపోయిన. తండ్రి వచ్చి వాని చేతుల చాకు పెట్టి, పైన తన చెయ్యేసిండు. పాట లేదు, చప్పట్లు లేవు. పిల్లలు, పెద్దలు చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి గాల్లె ఆడిచ్చిన్రు. వాడు కేకు కోసిండు. క్రీము వేలితోని తీసి నాకిండు. ఉన్నడు, హాల్లనే ఉన్నడు.

తల్లి వంటింటి గడప కాడ నిలబడ్డది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నది గానీ కండ్లు ఆగుతలేవు.

బాబు ఆమెను చూసిండు. కేకు ఇడిచిపెట్టి ఆమె ముంగటికి పోయి నిలబడ్డడు.

"ఏడుపొస్తోందా నాన్నా?"

అందరం గాబరా పడ్డం. కొత్తగ వచ్చిన తెలివి గదా, అందరికంటె ముందు నేనే అందుకున్న. "అయ్యో మేడమ్, బాబుకు ఏడుపొస్తుందంట, లైట్లు తగ్గించుండ్రి!"

అప్పుడు వాని ముఖం చూసిన. కండ్లు పొడిగున్నయి. గదుమకు క్రీమున్నది. ఏడుపు లేదు, ఏం లేదు. వాడు ఆమె చెంప మీద జారుతున్న నీళ్ళనే చూస్తున్నడు.

"ఏడుపొస్తోందా నాన్నా?" అని మళ్ళ అన్నడు. అని ఆగిండు. జవాబు కోసం ఆగిండు.

వాడు తననే అడుగుతున్నడని ఆమెకు తెలిసేసరికి జర సేపు పట్టింది. తెలిసినంక వాని ముంగట మోకాళ్ళ మీద కూసున్నది.

"అవును నాన్నా" అన్నది. "ఏడుపొస్తోంది."

వాడు కొంచెంసేపు ఆలోచించిండు. పిడికిలి తెరిచి ముందుకు చాపిండు.

"ముక్కు కావాలా నాన్నా?"

"కావాలి నాన్నా. కావాలి."

వాడే ఆమె ముక్కుకు పెట్టిండు, వంకర పోయింది. ఆమె దాన్ని సర్దుకోలే. నేను సుత చేతులు పైకెత్తి గాల్లె ఆడిచ్చిన. ఆమె ఆ వంకర ముక్కుతోనే అందరికీ కేకు పంచింది. నేను వాపసు అడగకుండ వచ్చేసిన.