ఏరనివ్వని పోగు

మా అమ్మకు ఏరకుండా ఏదీ కొనడం చేతకాదు. బెండకాయ అయితే కొన విరిచి చూడాలి, మామిడిపండైతే ముచిక దగ్గర వాసన చూడాలి. ఇంత చేసి ఇంటికొచ్చి వంకాయ కోస్తే పుచ్చు కనబడేది. "ఏరి కోరి తెచ్చానే, నా ఖర్మ కాకపోతే" అని తిట్టుకునేది. మా ఇంట్లో "ఏరి కోరి" అనే మాట నేను ఎక్కువగా విన్నది అలాంటప్పుడే.

నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి గాజువాక వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. వీధిలోకొచ్చే బేరగాళ్లందరూ అమ్మకు లొంగారు గానీ, హార్బరు నుంచి షేర్ ఆటోలో గంపతో వచ్చే చేపలావిడ మాత్రం లొంగలేదు. ఆవిడ కానాగంత చేపల్ని పోగులు పెట్టి అమ్మేది. పైన నాలుగు నిగనిగలాడేవి, అడుగున చిన్నవి, కాస్త నలిగినవి. అమ్మ చెయ్యి పోగు మీదికి వెళ్లిందో లేదో, ఆవిడ చెయ్యి అడ్డం పడేది.

"ఏరకమ్మా. మంచియన్నీ నువ్వు ఏరేస్తే మిగిలినియి ఎవులు కొంతారు? అయ్యీ మా వల్లో పడ్డయ్యే కదా."

"నీ అడుగు చేపలు నేనెందుకు తినాలి?"

"పోగంతే పోగే. నేదంతే నేదు."

రోజూ ఇదే గొడవ. చివరికి అమ్మ గొణుక్కుంటూ పోగు మొత్తం తీసుకునేది.

పెళ్లయ్యాక నేను సీతమ్మధార వచ్చేశాను. అమ్మ ఫోన్‌లో వాయిస్ మెసేజీలు పంపడం నేర్చుకుంది. ఇక చూసుకోండి. గ్యాస్ కట్టేశావా, గొడుగు పట్టుకెళ్లావా, మొన్నటి జలుబు తగ్గిందా, ఫోనెత్తకపోతే ఎలాగే. రోజుకి పది. సగం వినేదాన్ని కూడా కాదు.

ఒకరోజు నా ఫోన్‌లో ఖాళీ లేదని చూపించింది. నాకు ఒళ్లు మండి, కూర్చుని అమ్మ మెసేజీలు ఏరాను. పుట్టినరోజు దీవెన ఉంచాను. కార్తీకంలో పాడిన పాట ఉంచాను. నన్ను మెచ్చుకున్నది ఒకటి ఉంచాను. మిగిలిన గ్యాసులూ గొడుగులూ అన్నీ తీసి పారేశాను. చక్కగా సర్దినట్టే అనిపించింది.

నాలుగు నెలలకు అమ్మ పోయింది. ఆస్పత్రి హడావుడిలో ఆవిడ ఫోన్ కూడా ఎక్కడో పోయింది.

నా దగ్గర మిగిలిన ఆ మూడింట్లో అమ్మ గొంతు పేరంటానికి వెళ్లినట్టు ఉంటుంది. మా అమ్మ అలా ఉండేది కాదు. నన్ను విసిగించిన అమ్మ కావాలి నాకు. గ్యాస్ కట్టేశావా అని ఒక్కసారి వింటే చాలు. ఎంత పొగరుగా చెరిపేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారాలు నాన్నకు వండిపెట్టడానికి గాజువాక వెళ్తాను. మొన్న వెళ్లినప్పుడు గేటు ముందు గంప దిగింది. నేను బేరమాడకుండా ఒక పోగు తీసుకున్నాను. చేపలావిడ నన్నే చూసింది.

"ఏటి పాపా, ఏరవేటి? మీ అమ్మయితే ఈపాటికి నన్ను సంపేసును."

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఫోన్ సంగతంతా ఆవిడకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ తడి చెయ్యి చీరకు తుడుచుకుని, బొడ్డు సంచిలోంచి తన ఫోన్ తీసింది.

"నాకు సదువు రాదు కదా. మీ అమ్మ ఏటి సెప్పాలన్నా మాటతోటే పంపీది. తుడిసీడం నాకు తెల్దు. అన్నీ ఉన్నాయి."

నొక్కింది. వీధిలో అమ్మ గొంతు వినబడింది.

"ఇదిగో, రేపు మా అమ్మాయి వస్తుంది. పోగూ గీగూ అన్నావంటే ఊరుకోను. గుడ్డున్నవి నన్ను ఏరుకోనివ్వు. దానికి అవే ఇష్టం. అడుగువి మేం తింటాంలే."

ఇన్నేళ్లూ నా కంచంలోకి గుడ్డున్న చేపలే ఎలా వచ్చాయో నేనెప్పుడూ అడగలేదు.

ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టింది. "పంపడం నాకు రాదు. నువ్వే నీక్కావాల్సినియి ఏరుకో, పాపా."

జన్మలో ఒక్క చేపను ఏరనివ్వని మనిషి ఆ మాటంది. గేటు పక్క గట్టు మీద కూర్చుని, మొదటినుంచీ ఒక్కొక్కటే నా ఫోన్‌కు పంపుకున్నాను. బేరాలు, తిట్లు, మొన్నటి చేప మెత్తబడిందన్న ఫిర్యాదులు. ఒకదాంట్లో అసలు మాటే లేదు. పొరపాటున నొక్కినట్టుంది, అమ్మ దగ్గు, వెనక కుక్కర్ కూత, అంతే.

అదీ పంపుకున్నాను.