దెయ్యాన్ని ఏ ఊరని అడిగిన మా తవిటన్నయ్య

నిన్న స్టాఫ్‌రూమ్‌లో ఉండగా తమ్ముడు ఫోన్ చేసి, "తవిటన్నయ్య పోయాడక్కా" అన్నాడు.

"ఏ సినిమాలో?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. అన్ని సినిమాల్లో చచ్చిపోయిన మనిషి మరి. షూటింగ్ అయిన ప్రతిసారీ ఈసారి ఎలా పోయాడో మా ఇళ్ళన్నిటికీ కబురొచ్చేది.

తమ్ముడు ఏడవడం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు. హైదరాబాద్‌లో, రూమ్‌లోనే. గుండెపోటు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తవిటయ్య మా పెదనాన్న కొడుకు. సోంపేట దగ్గర సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఊళ్ళో ఒకే వీధిలో పెరిగాం. ఆ పేరుతో సినిమాల్లోకి వెళ్తే టైటిల్స్ వేసేవాడు కూడా నవ్వుతాడని ఏడిపించేవాళ్ళం. నవ్వితే నవ్వనీ అనేవాడు. మార్చుకోలేదు.

వాచ్‌మన్, తాగుబోతు, పనివాడు. అవే వేషాలు. మన యాస వినబడగానే హాల్లో నవ్వులు. పైకి చెప్పేవాడు కాదు గానీ, అన్నయ్యకి అది బాగా గుచ్చుకునేది.

తర్వాత ఆ టెక్నో దెయ్యం సినిమా వచ్చింది.

సముద్రంలో పోయినవాళ్ళ గొంతులు బోటు వైర్‌లెస్ సెట్‌లోకి, జీపీఎస్‌లోకి, ఫోన్లలోకి వస్తుంటాయి. సిటీ నుంచి హీరో లాప్‌టాప్‌తో దిగుతాడు. అన్నయ్యది బోటు డ్రైవర్ వేషం. గొంతు వినగానే కెవ్వున అరిచి, నీళ్ళలో దూకి చావాలి. జనం నవ్వాలి.

బారువలో షూటింగ్. చేపల పులుసు పట్టుకుని టెక్కలి నుంచి నేనూ వెళ్ళాను. నా కళ్ళముందే అన్నయ్య డైరెక్టర్ దగ్గరికెళ్ళి, ఈ సీన్ ఇలా చెయ్యనన్నాడు.

పాత్రకంటూ ఒక పేరుండటం అదే మొదటిసారి. పొమ్మంటే అదీ పోతుంది.

"సముద్రం మీద గొంతు ఇనబడితే మేం పారిపోం సార్. ఏ ఊరు, ఎవులి బోటు అని అడుగుతాం. సచ్చిపోయినంత మాత్రాన మనోడు కాకుండా పోతాడేటి?"

డైరెక్టర్ చివరికి రెండు రకాలుగానూ తీశాడు, అన్నయ్య బతికుంటే కావాల్సిన సీన్లతో సహా. ఏది ఉంచుతారో రిలీజ్ దాకా మాకు తెలీదు.

పలాసలో మొదటి ఆటకి ఆటోల నిండా మా వీధంతా వెళ్ళాం.

సీన్ వచ్చింది. అన్నయ్య వైర్‌లెస్ మైకు నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఏ ఊరు నాయినా? ఇంటికాడ ఏటి సెప్పమంటావు?"

హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

నా వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. వేటకెళ్ళి రానివాళ్ళు లేని ఇల్లేది మా దగ్గర?

మొదటి రీల్లో పోవాల్సిన మనిషి ఇంటర్వెల్ దాటి బతికాడు. మా పెద్దమ్మకి మాత్రం ఒకటే కోపం. "సిరిగిన సొక్కా ఎందుకేసారు? ఆలకాడ మంచిది నేదేటి?"

అన్నయ్యా, ఆ రోజు నేను పొంగిపోయాను. నీకు సరిగ్గా చెప్పానో లేదో.

మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో చేరినప్పటి నుంచి ఫోన్లో టీవీ యాంకర్ తెలుగే. పక్కన ఎవరూ లేకపోతేనే మన మాట. నిన్న సంగతి, అన్నయ్యని బండిలో ఊరికి తెస్తున్నారన్న మాట చెప్పగానే బావురుమంది. "మావయ్యతోటే నానూ ఊరొచ్చేత్తన్నానమ్మా."

వెనక ఆడపిల్లల మాటలు వినబడుతున్నాయి. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"అందరూ ఉన్నారు. ఉంటే ఏటి?"

ఈ రోజు ఒడ్డున నిన్ను సాగనంపాం. వెళ్ళిరా అన్నయ్యా. గంగమ్మ తల్లి ఒడిలో హాయిగా నిద్రపో.