వలయంలో నా వంతు

మా ముత్తాతగారు ఎనిమిది గ్రామాల శిస్తు అనుభవించిన మొఖాసాదారు. మా తాతగారి ఎదుట కుర్చీలో కూర్చోగలిగినవారు తాలూకా మొత్తంలో నలుగురైదుగురే. ఆ వంశంలో జీతానికి పనిచేసిన మొదటివాణ్ణి నేను. కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, స్కూల్ కౌన్సెలరుగా నన్ను చీపురుపల్లి దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు వేశారు.

అక్కడ కొందరు పిల్లలకు అభ్యసన వైకల్యం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. తెలివికి లోటు లేదు. చదవడంలో, రాయడంలో అక్షరాలు చిక్కుపడతాయి. ఏళ్ల తరబడి చీవాట్లు తిని, తమకు చదువు రాదని వాళ్లే తీర్మానించుకున్నారు. ఆ తీర్మానాన్ని కదిలించడానికే బృంద కౌన్సెలింగ్. ప్రతి శుక్రవారం గుండ్రంగా కూర్చోవాలి. లోపలి మాట బయటికి పోకూడదు. వలయంలో ఉన్న ప్రతివారూ తమ వంతు మాట్లాడాలి.

తొమ్మిదో తరగతి గౌరి మాత్రం నోరు విప్పేది కాదు. వాచకం పైకి చదవమన్నప్పుడు తరగతంతా నవ్విందట. సోమవారం వచ్చి టి.సి. తీసుకుంటానని, పిల్లను ఆమదాలవలసలో మేనత్త బట్టల కొట్టుకి పంపేస్తానని తల్లి కబురు పెట్టింది. మాకు మిగిలింది ఆ శుక్రవారం ఒక్కటే.

ఆ రోజు, లోకులు తమకు పెట్టిన పేరేమిటో, అది తప్పని చూపే పని ఏం చేశారో ఒక్కొక్కరూ చెప్పాలి. గౌరి వంతు వచ్చేసరికి నావైపు చూసింది.

"అందర్నీ సెప్పమంతన్నారు. మరి మీరు సెప్పరేటి మేస్టారూ?"

"ఒసే, ఆయన్ని ఎవులు ఏటంతారే?" అని పక్కనున్న సూరి నవ్వాడు.

నియమం పెట్టింది నేనే. "మా ఊళ్లో నన్ను దివాణం బాబు అంటారు. మా తాతలుండిన ఆ దివాణం ఇప్పుడు మాది కాదు. నేను చూపగలిగింది ఈ ఉద్యోగమే" అన్నాను.

గౌరి తన వంతు అందుకుంది. "నన్ను మొద్దంతారు. లెక్క నేను సదువుకోలేను. ఎవులైనా సదివి ఇనిపిస్తే సేసేస్తాను."

"నిజమే మేస్టారూ. శాతాలు నాకు నేర్పింది ఇదే. కలాసులో సెప్తే ఒక్క ముక్కెక్కలేదు" అన్నాడు సూరి.

"ఒరే, నీకు మార్కులెన్నొచ్చాయో అది కూడా సెప్పు!" అంది గౌరి. అందరూ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది.

సోమవారం తల్లి వచ్చింది. గౌరి నా సాయం కోరలేదు. "అమ్మా, నాకు సదివి ఇనిపించేవోలు కావాల, కొట్టు కాదు" అంది. పరీక్షలో ప్రశ్న చదివి జవాబు రాసిపెట్టే లేఖకుడి సాయం, అదనపు సమయం దొరికే నిబంధన ఉందని నేను వివరించాను. "ఈ ఏడాదికి సూద్దాం" అని తల్లి వెళ్లిపోయింది. గౌరి ఆ నిబంధన కిందే పదో తరగతి రాసి గట్టెక్కింది. అంతటి నిబ్బరం మా వంశంలోనూ కొద్దిమందిలోనే చూశాను.

పెద్దవాడి మెచ్చుకోలు కన్నా, అదే చిక్కున్న తోటివాడి సాక్ష్యం పిల్లలకు గట్టిగా నిలుస్తుంది. తాను వలయం బయట ఉండి ఆ సాక్ష్యాన్ని ఎవరూ రప్పించలేరు.

దివాణం స్థలం మా నాన్నగారి హయాంలోనే పోయింది. మిగిలిన సింహద్వారం తలుపులు కలప వ్యాపారికి నేను అమ్మాను. ఆ శుక్రవారం నా వంతులో ఆ సంగతి చెప్పలేదు.