మడత కెమెరా, మడతల్లో కుంకుమ

ముందే ఒప్పుకుంటాను. నా నోట్లో పడితే ఒకటి నాలుగవుతుంది. చినుకు పడితే వరదంటాను, తుమ్మితే భూకంపమంటాను. మా ఇంట్లోవాళ్ళు నా మాటల్ని నాలుగుతో భాగించి వింటారు. మీరూ అట్లాగే చదవండి.

అప్పట్లో నేను చిక్కబళ్ళాపురంలో ఒక కచేరీలో గుమాస్తాను. అసలు కాగితాన్నీ నకలునూ పక్కపక్కన పెట్టి, తేడా లేదని ముద్ర వేయడం నా పని. ఇరవై ఏళ్ళు ఆ పని చేసినవాడికి సొంత అత్తగారు ఎదురొచ్చినా అసలా, నకలా అని అనుమానమే.

బాగేపల్లిలో మా చిన్నాయన ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపాడు. ఆయన దగ్గర జపాన్ మడత కెమెరా ఒకటి ఉండేది. మూసి ఉంటే టిఫిన్ డబ్బా అంత. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, నల్లటి తిత్తి సాగి, దాని కొసన లెన్సు బయటికొచ్చేది. ఆ తిత్తి సాగితే గుడిబండె కొండను తాకుతుందని మా కచేరీలో చెప్పాను. దాని పేరు జపాన్‌లో కూడా ఎవరికీ తెలియదని చిన్నాయనకు అదొక గర్వం. అందులోనూ మూడు రకాలట. షటర్ వేగం రెండు వందల దాకా ఉండేది ఒకటి, మూడు వందల దాకా ఉండేది ఇంకొకటి, దూరం కొలిచే కిటికీ కూడా ఉండేది మూడోది. చిన్నాయనది మూడు వందలది. అట్టపెట్టె మీద అట్లాగే అచ్చయి ఉంది.

రెండు వేల మూడో, నాలుగో. డిజిటల్ కెమెరాలు వచ్చి, ఫిల్ము రోలు దొరకడమే కష్టమైన రోజులు. ఎలాగో ఒక రోలు సంపాదించి తీస్తే ప్రతి ఫోటోలోనూ తెల్లటి చారలు. తిత్తి మడతలు చిట్లి వెలుతురు దూరుతోంది. బాగుచేయించి తెస్తానని కెమెరానూ పెట్టెనూ మా ఇంటికి తెచ్చుకున్నాను. బెంగళూరులో అడిగితే నవ్వారు. చింతామణిలో హార్మోనియం తిత్తులు కుట్టే పెద్దాయన ఒకడున్నాడని విని, పెట్టె ఇంట్లో ఉంచి, కెమెరాతో బస్సెక్కాను.

బట్లహళ్ళి నుంచి సాదలి దాకా భజన మండళ్ళవాళ్ళందరూ ఆయన దగ్గరికే వస్తారు. ఆయన కెమెరాను చెంపకు ఆనించి, తిత్తిని ముందుకూ వెనక్కూ ఆడించాడు.

"గాలి కారుతాండాది."

"గాలి కాదప్పా, వెలుతురు దూరకూడదు."

"గాలి దూరని తావున వెలుతురు యాడ దూరుతాదప్పా?"

 నాకు అనుమానం అక్కడే మొదలైంది. చీటీ ఇవ్వలేదు. కెమెరాను తెర వెనక్కి తీసుకుపోయాడు. పైగా, "ఇట్లాంటిది ఇంకోటి ఉండాదా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లు ఎందుకు అడగాలి?

పదిహేను రోజులకు తెచ్చుకున్నాను. కెమెరా తళతళలాడుతోంది. ఇంటికొచ్చి పెట్టెలో పెడుతూ, అలవాటు కొద్దీ అసలునూ నకలునూ పోల్చాను. పెట్టె మీద మూడు వందలు. కెమెరా షటర్ చక్రం మీద అంకెలు రెండు వందల దగ్గరే ఆగిపోయాయి. నా గుండె అరగంట సేపు ఆగింది.

ఆదివారం మళ్ళీ చింతామణి. నేరుగా ఆయన దగ్గరికి పోలేదు, అది నా తప్పు. ఎదురుగా ఉన్న టీ అంగట్లో, భజన మండళ్ళవాళ్ళ నడుమ కూర్చుని, పెద్దాయన మూడు వందల కెమెరాను మింగి రెండు వందలది కక్కాడని మొదలుపెట్టాను. టీ చల్లారేలోపల దాన్ని జపాన్ చక్రవర్తి కెమెరాను చేశాను. ఆయన గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"నేను మార్చలేదప్పా. నువ్వు ఇచ్చిందే ఇస్తిని." లోపలికి పోయి, దేవుడి పటం వెనక నుంచి ఒక పొట్లం తెచ్చాడు. "పాత తిత్తి విప్పితే మడతల్లోంచి కుంకుమ రాలె. పూజ చేసింది కదా, ఊడ్చి పారేయను మనసు రాలేదు. అప్పుడు ఇయ్యను మరిస్తిని. తీసుకోప్పా."

"కుంకుమ ఏ అంగట్లోనైనా దొరుకుతాదిలే," అంటూనే పొట్లాన్ని జేబులో పడేసుకున్నాను.

అప్పటికే ఇద్దరు లేచి, బాగుకు ఇచ్చిన తమ హార్మోనియంలు వాపసు అడిగారు. "మాది మేము యాడైనా చేయించుకుంటాంలే అప్పా." ఆయన రెండింటినీ అరలోంచి దింపి, వాటి మీద దుమ్ము తుడిచి మరీ ఇచ్చాడు.

అక్కణ్ణుంచి బాగేపల్లి. చిన్నాయన కెమెరాను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇది నా దగ్గరుండిందే కదరా."

"పెట్టె మీద మూడు వందలుంది కదా చిన్నాయనా?"

"పెట్టె నాది. కెమెరా కాదు."

చిక్కబళ్ళాపురంలో ఆయనకు ఒక ఫోటోగ్రాఫర్ స్నేహితుడు ఉండేవాడట. ఇద్దరి దగ్గరా ఇదే కెమెరా, రకం మాత్రం వేరు. ఏటా ఆయుధ పూజకు రెండింటినీ ఒకే పీట మీద పెట్టి పూజ చేసేవాళ్ళు.

"ఒక ఏడాది తిత్తి తెరిచి, గంధం, కుంకుమ పూసి, పూలు కప్పితిమి. రెండింటికీ ఒకటే మొకం. వాడు నాది ఎత్తుకునె, నేను వానిది. వారానికి తెలిసె."

"మరి మార్చుకోలేదా?"

"దేవుని ముందర నుంచి ఎత్తుకుండేది వాపసు ఇస్తామారా? ఇప్పుడు వాడే లేడు, నాది యాడుండాదో." పొట్లం విప్పి, కుంకుమను కళ్ళకద్దుకుని నా మొహం చూశాడు. "ఎవురినేమంటివి? నీ నోరు నాకు తెలుసు. ఎంతమంది ముందర అంటివో అంతమంది ముందర చెప్పి రా, పో."

మరుసటి ఆదివారం అదే టీ అంగడి. బెంచీ ఎక్కి, తప్పు నాదని చెప్పాను. పెద్దాయన పకపకా నవ్వి, నన్ను దింపి, టీ తాగించాడు.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. తిత్తి గుడిబండె దాకా సాగదని మీకు తెలుసు, దాన్ని లెక్కపెట్టను. బెంచీ ఎక్కింది నిజం, చెప్పింది నిజం. ఆయన నవ్వాడన్నదే కల్పన. టీ కూడా నేను ఒక్కణ్ణే తాగాను. ఆయన అంతా విని, లోపలికి పోయి, రెండు హార్మోనియంలు పోయి ఖాళీ అయిన అరను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. వాటిలో ఒకటే తిరిగొచ్చిందని తర్వాత విన్నాను.